అమ్మ ఆధార్ బోర్డరు అవతలికి మార్చాలా?

ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

"అక్కా, మాది ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులో ఒక పల్లె. నాన్న పోయారు. అమ్మకి 71 ఏళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు, ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేను గాజువాకలో కాంట్రాక్టు వెల్డర్‌ని, నెలకో రెండు నెలలకో వెళ్లొస్తుంటాను. భత్తా (వృద్ధాప్య పెన్షన్) కోసం పంచాయతీకి వెళితే కోటా లేదు, తర్వాత చూద్దాం అని పంపేశారు. కొడుకు సంపాదిస్తున్నాడు కదా, నీకెందుకిస్తారు అని పక్కింటివాళ్లు కూడా అంటున్నారట. రేషన్ షాపులో అమ్మ వేలిముద్ర సరిగా పడట్లేదు. మా అప్పని (అక్కని) ఆంధ్రలో పాతపట్నంలో ఇచ్చాం. వాళ్ల అత్తకి ఒకటో తారీఖున ఇంటికొచ్చి 4,000 ఇచ్చి వెళుతున్నారు. 'అమ్మ ఆధార్ మా ఇంటి అడ్రసుకి మార్చేయ్, ఇక్కడే పెట్టిద్దాం' అంటోంది అప్ప. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం, రాయడం రాదు. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మార్చెయ్యమంటారా?"

తమ్ముడూ, మార్చకు. మీ అప్ప మంచి మనసుతోనే చెప్పింది, అందులో నాకేం అనుమానం లేదు, కానీ ఒకసారి మార్చి ఇక్కడివి పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడం కష్టం కాబట్టి ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. అమ్మ ఉంటున్నది మీ పల్లెలో. ఆవిడకి ఒంట్లో బాగోకపోతే వచ్చి చూసే ఆశా కార్యకర్త అక్కడే ఉంది, బియ్యం తీసుకునేది అక్కడే, ఓటూ అక్కడే. మనిషి ఒక రాష్ట్రంలో, కాగితాలు ఇంకో రాష్ట్రంలో ఉంటే రేపు ఏ ఆఫీసుకి వెళ్లినా "మీరు మా పరిధిలోకి రారు" అనే మాటే వినాల్సి వస్తుంది.

పైగా అవతల కూడా అడ్రసు మార్చగానే డబ్బు రాదు. ఆంధ్రలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయిన మాట నిజమే, సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్న మాటా నిజమే. అయితే అక్కడ లెక్క కుటుంబాన్ని బట్టి. అమ్మని మీ అప్ప వాళ్ల ఇంటి మనిషిగా రాయించాలి, అప్పుడు ఆ ఇంటి భూమి, కరెంటు బిల్లు, ఇంట్లో కారు ఉందా, గవర్నమెంటు ఉద్యోగం ఉందా, అన్నీ కలిపి చూస్తారు. సాధారణంగా ఒక కుటుంబానికి ఒకటే పింఛను, దివ్యాంగుల్లాంటి కొందరికే మినహాయింపు. ఆ ఇంట్లో మీ అప్పగారి అత్తకి ఇప్పటికే వస్తోంది కదా. పింఛను ఇచ్చేది ఇంటి దగ్గర మనిషిని చూసి, కాబట్టి దాని కోసం అమ్మ ఆ నొప్పి మోకాళ్లతో పాతపట్నం వెళ్లాల్సిందే. ఇటు ఒడిశా రేషన్ కార్డులోంచి పేరు తీయించాలి, ఆధార్ కలిపాక రెండు కార్డుల్లో ఒకే మనిషి ఉంటే దొరికిపోతుంది. ఉన్నది పోయి, వస్తుందనుకున్నది రాక, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది అమ్మ పరిస్థితి. కొరాపుట్ జిల్లా కొటియాలో రెండు పక్కలా కార్డులున్నాయి కదా అని ఎవరైనా ఉదాహరణ చెబితే వినకు. అక్కడ 21 గ్రామాలు ఏ రాష్ట్రానివన్నదే 1968 నుంచి కోర్టు తగాదా, మీ పల్లెకి ఆ గొడవేమీ లేదు.

ఒకవేళ అమ్మే "నేనింక కూతురి దగ్గరే ఉంటాను" అని మనస్ఫూర్తిగా అంటే అది వేరే సంగతి. అప్పుడు ఇక్కడి కార్డు పద్ధతిగా సరెండర్ చేసి, నిజంగా అక్కడ ఉంటూ, అక్కడి మనిషిగానే అడగొచ్చు. కానీ నీ ఉత్తరం మొత్తంలో అమ్మ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ముందు ఆవిడని అడుగు.

ఇక మన పంచాయతీ సంగతి. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ యోజన 2008 జనవరిలో మొదలైంది, అంతకుముందు విడిగా ఉన్న వృద్ధాప్య, వికలాంగ పెన్షన్లని అందులో కలిపారు. 60 దాటిన పేదవాళ్లకి ఇప్పుడు నెలకి 1,000 వస్తోంది. 80 దాటితే, లేదా వైకల్యం 80 శాతం పైన ఉంటే, 2025 జనవరి నుంచి 3,500 చేశారు. కేంద్రం వాళ్ల ఇందిరాగాంధీ వృద్ధాప్య పెన్షన్ కూడా ఉంది గానీ అందులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వరకు 200, 80 దాటితే 500, ఏళ్ల తరబడి పెంచనే లేదు, మిగతాది రాష్ట్రం కలుపుతుంది. ఈ రెండింట్లో ఏదో ఒకటే వస్తుంది. కాబట్టి అమ్మకి వచ్చేది వెయ్యే. పాతపట్నంలో నాలుగు వేలు, మన జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో వెయ్యి అంటే నాకూ బాధగానే ఉంది, మందుల షాపులో షుగరు మాత్రల ధర రెండు పక్కలా ఒకటే కదా. ఈ వెయ్యి పెంచమని మనం గట్టిగా అడగాల్సిందే. కానీ అడిగే గొంతు ఇక్కడి ఓటరుది అయితేనే ఇక్కడి సర్పంచి, ఇక్కడి ఎమ్మెల్యే వింటారు.

"కోటా లేదు" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. పంచాయతీకి ఇన్ని పెన్షన్లు అని మంజూరు ఉంటుంది. ఎవరైనా కాలం చేస్తే ఆ ఖాళీలో కొత్త పేరు వస్తుంది, మధ్యమధ్యలో ప్రభుత్వం కొత్త లక్ష్యాలు ఇస్తుంది. అసలు సమస్య ఏంటంటే, నోటితో అడిగి వచ్చేసినవాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. నువ్వు ఎన్నిసార్లు వెళ్లావన్నది ఎవరి దగ్గరా రాసి లేదు. ఖాళీ వచ్చిన రోజు పీఈఓ (పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) చూసేది తన దగ్గరున్న కాగితాల్నే. కాబట్టి ఈసారి దరఖాస్తు కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. లేకపోతే జన సేవా కేంద్రంలో ఆన్‌లైన్‌లో పెట్టించి ఆ నంబరు ప్రింటు తీసుకో. అమ్మ ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఫొటోలు, తహసీల్దార్ ఇచ్చే ఆదాయం సర్టిఫికెట్ దగ్గర పెట్టుకో. ఆధార్‌లో ఒక వయసు, ఓటరు కార్డులో ఒక వయసు ఉండటం మన పల్లెల్లో మామూలే, కానీ దరఖాస్తు చాలాసార్లు ఆగిపోయేది అక్కడే కాబట్టి ముందే చూసుకుని సరి చేయించు. ఫారానికి డబ్బులేం లేవు, ఎవరైనా అడిగితే ఇవ్వకు.

వెళ్లాల్సిన రోజు 15వ తారీఖు. ఒడిశాలో పెన్షన్లు పంచేది ఆ రోజే, జనసేవా దివస్ అంటారు, పీఈఓ ఎక్కడికో వెళ్లాడు అనే మాట ఆ రోజు వినపడదు. పెన్షన్ తీసుకోవడానికి వచ్చిన ముసలివాళ్లంతా అక్కడే ఉంటారు, ఎవరికి ఎప్పుడు మంజూరైంది, ఎవరి ఖాళీలో ఎవరు వచ్చారు అన్నీ వాళ్లకి తెలుసు. వాళ్లతో కాసేపు కూర్చుంటే ఏ ఆఫీసు చెప్పనన్ని సంగతులు తెలుస్తాయి.

ఒడియా రాయడం రాదన్నావు. దాని గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తన కష్టం చెప్పుకునే అర్జీని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉంది. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్‌లలో తెలుగు వాడుకలో ఉందో లేదో ఎవరికీ ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ కాగితం చదివి పైకి పంపాల్సిన గుమస్తాకి తెలుగు రాకపోతే నష్టపోయేది అమ్మే, కాబట్టి హక్కుని హక్కుగా గుర్తుంచుకుని, పని కోసం రెండు భాషల్లోనూ ఇవ్వు. తెలుగులో నువ్వు రాయి, ఒడియాలో ఊరి స్కూలు టీచరు చేతో, హైస్కూల్లో చదివే పిల్ల చేతో రాయించు, రెండూ కలిపి పిన్ను కొట్టు. అమ్మకి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించు. ఏం రాశారో తెలియకుండా ముద్ర వేయడం మన పెద్దవాళ్లకి అలవాటైపోయింది, దాన్ని మనమే మాన్పించాలి.

ఇదంతా ఇచ్చాక పల్లిసభలో (ఒక్క పల్లెవాళ్ల సభ), పంచాయతీ మొత్తానికి జరిగే గ్రామసభలో అమ్మ పేరు చదివించమని మీ వార్డు మెంబరుని అడుగు. నలుగురిలో చదివి, తీర్మానం పుస్తకంలో రాసిన పేరుని తర్వాత పక్కన పెట్టడం అంత తేలిక కాదు. ఒంటరిగా ఉంటున్న 71 ఏళ్ల విధవరాలు అని అందరి ముందూ చెప్పినప్పుడు, కోటాలో ముందు ఎవరికి రావాలన్నది ఊరే చెబుతుంది. అయినా కదలిక లేకపోతే బ్లాకు ఆఫీసులో బీడీఓని, అక్కడే ఉండే సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్ని కలువు. ఆ తర్వాత కలెక్టరు, ఎస్పీ కలిసి అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్ ఉంది. గాజువాక నుంచి సెలవు పెట్టి రాలేకపోతే ఒడిశా ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జన సునాణి పోర్టల్‌లో ఫోన్‌లోంచే ఫిర్యాదు పెట్టొచ్చు, అది ఎవరి టేబుల్ మీదుందో కూడా కనపడుతుంది. పీఈఓతో పోట్లాడకు. ఒక్క మనిషి మీద బోలెడు పనులుంటాయి, రేపు అమ్మ మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి. గట్టిగా, మర్యాదగా, కాగితం చేతిలో పెట్టుకుని అడుగు చాలు.

కొడుకు సంపాదిస్తున్నాడనే మాటకి వద్దాం. ఆదాయం దాచి సర్టిఫికెట్ తీసుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. అమ్మ కార్డు వేరు, కాపురం వేరు, నీ పని కాంట్రాక్టు పని. తహసీల్దారు అవన్నీ చూసి రాస్తారు. పక్కింటివాళ్లు తీర్పు చెప్పే విషయం కాదిది. ఒకవేళ ఆదాయం వల్ల పెన్షన్ రాలేదనుకో, అప్పుడు కూడా అమ్మకి ఈ ఊళ్లో దక్కాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువవాటికి ఆదాయంతో సంబంధమే లేదు. నీ ఉత్తరం చదివాక నేను ఎక్కువగా ఆలోచించింది వీటి గురించే, ఎందుకంటే నెలకి వెయ్యి వచ్చినా రాకపోయినా ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే మీ ఇంటి లెక్కంతా తారుమారవుతుంది.

అమ్మకి 70 దాటాయి. 70 దాటిన ప్రతి ఒక్కరికీ, డబ్బున్నా లేకపోయినా, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. ఒడిశా మొదట్లో ఈ ఆయుష్మాన్ పథకంలో లేదు, 2025 ఏప్రిల్‌లో చేరింది. అంటే అమ్మకి ఆ కార్డు ఇప్పుడు చేయించుకోవచ్చు, కావాల్సింది ఆధార్ ఒక్కటే. పాత జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది కాబట్టి షుగరు ఉందని భయపడక్కర్లేదు. దేశంలో ఎక్కడైనా ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది, కాబట్టి బరంపురం తీసుకెళ్లినా, నీ దగ్గరికి విశాఖ తెచ్చుకుని చూపించినా పనికొస్తుంది. మీ అప్ప అడ్రసు మార్చాలనుకుంటున్నది అమ్మకి అవతల కూడా ఆసరా ఉండాలనే కదా, వైద్యం విషయంలో అడ్రసు మార్చకుండానే ఆ ఆసరా దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకో: ఈ కార్డు ఆసుపత్రిలో చేరితేనే. ఊరికే చూపించుకుని మందుల చీటీ రాయించుకోవడానికి పనికిరాదు. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలకి ఊళ్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్, సర్కారు ఆసుపత్రి ఉన్నాయి, అక్కడ ఉచితంగానే ఇవ్వాలి.

వేలిముద్ర గొడవ చిన్నది అనుకోవద్దు. జీవితమంతా పొలం పని, ఇంటి పని చేసిన చేతులు, గీతలు అరిగిపోతాయి, అది ఆవిడ తప్పా? 2023 ఏప్రిల్‌లో నబరంగపూర్ జిల్లా జొరిగాంలో ఒక ముసలావిడ విరిగిన కుర్చీని ఊతంగా పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా ఎండలో పెన్షన్ కోసం బ్యాంకుకి నడిచి వెళ్లిన వీడియో దేశమంతా చూసింది. వేలిముద్రలు కలవట్లేదనే ఆవిడ డబ్బు ఆగింది. 2024 సెప్టెంబరులో కెంఝర్ జిల్లాలో ఇంకొకావిడ పెన్షన్ కోసం పంచాయతీ ఆఫీసు దాకా పాకుతూ వెళ్లింది, అందరూ చూశాకే ఇంటికి తెచ్చివ్వమని పంచాయతీకి చెప్పారు. నువాపడాలో ఒక సర్పంచి నడవలేని మనిషికి డ్రోన్ మీద డబ్బు పంపించారు. పంచాయతీ అనుకుంటే దారి దొరుకుతుంది. వీడియో వచ్చేదాకా ఆగాల్సిన పనేముంది? అమ్మ నడవలేని పరిస్థితి వస్తే ఇంటికే తెచ్చివ్వమని ముందుగానే రాసి ఇవ్వు, అది దయ అడగడం కాదు.

దానికంటే ముందు, ఈసారి వచ్చినప్పుడు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాప మళ్లీ తీయించు. వేలిముద్ర పడనివాళ్లకి కనుపాపతోనో, ముఖంతోనో సరిచూడొచ్చు, వేలిముద్ర ఒక్కటి పడలేదని సర్కారు సాయం ఆపకూడదని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ ఎప్పుడో చెప్పింది. రేషన్‌కి అమ్మ తరఫున నమ్మకమైన మనిషిని నామినీగా పెట్టించుకునే వీలుంది, సప్లై ఆఫీసులో అడుగు. బ్యాంకు విషయంలో, 70 దాటినవాళ్లకి ఇంటి దగ్గరే సేవలు అందించమని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులకి చెప్పింది, పాసుబుక్కు ఉన్న బ్రాంచిలో ఒక కాగితం రాసి ఇవ్వు. ఊళ్లో బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గర డబ్బు తీసేటప్పుడు మాత్రం ప్రతిసారీ రసీదు అడగమని అమ్మకి గట్టిగా చెప్పు, వెయ్యి తీసి తొమ్మిది వందలు చేతిలో పెట్టే రకాలుంటారు.

మోకాళ్లకి ఊతకర్ర, వాకరు లాంటివి, కళ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు పేద వృద్ధులకి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపులు జిల్లాలో పెడుతుంటారు. క్యాంపు ఎప్పుడో పంచాయతీకి ముందే తెలుస్తుంది, కాబట్టి పీఈఓ దగ్గర పేరు రాయించి ఉంచు.

ఇంకొక్కటి అడగాలనుకుంటున్నాను నిన్ను. పంచాయతీకి అప్పగించిన 29 విషయాల్లో సాంఘిక సంక్షేమం ఒకటి, ఏటా వేసే పంచాయతీ ప్రణాళికలో సామాజిక భద్రత అన్న అంశమే విడిగా ఉంది. అయినా మన పల్లెల్లో ప్రణాళిక అంటే సిమెంటు రోడ్డే. పంచాయతీ ఆఫీసు మెట్ల పక్కన ఒక వాలుదారి, పట్టుకోడానికి ఒక కడ్డీ, 15వ తారీఖున కూర్చోడానికి నీడలో రెండు బల్లలు, తాగడానికి నీళ్లు, అమ్మ వీధిలో వెలిగే ఒక లైటు, వీటికి ఎంత ఖర్చవుతుంది? నీలాగా విశాఖలో, హైదరాబాదులో, సూరత్‌లో పని చేసుకుంటున్న కొడుకులు మీ పల్లెలో ఇంకెంతమంది ఉన్నారో, వాళ్లందరి అమ్మానాన్నలు కూడా ఇలాగే ఒంటరిగా ఉండి ఉంటారు. మీరంతా ఒక వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుని, గ్రామసభకి ముందు సర్పంచికి ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టి పంపండి. ఒక్కరు అడిగితే ఒక ఇంటి పని, ఇరవై ఇళ్లు అడిగితే ఊరి పని.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం కింద, కన్నవాళ్లని పిల్లలు చూడకపోతే సబ్-కలెక్టరు దగ్గర కేసు పెట్టి నెలకి 10,000 దాకా ఇప్పించుకోవచ్చు, పర్లాకిమిడిలోనే ఆ ట్రిబ్యునల్. నీకిది అవసరం లేదని నీ ఉత్తరమే చెబుతోంది, ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఎవరైనా పెద్దవాళ్లు ఇబ్బందిలో ఉంటే 14567 అని ఎల్డర్‌లైన్ నంబరు ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు, డబ్బులేం పడవు. ఆ నంబరు అమ్మ ఫోన్‌లో సేవ్ చేసి, ఎలా నొక్కాలో నేర్పించు.

ఇప్పుడు మీ అప్పకి ఏం చెప్పాలో చెప్తాను. అమ్మ కోసం తనేదో చెయ్యాలని తాపత్రయపడుతోంది, వద్దు అని ఊరుకుంటే మనసు కష్టపెట్టుకుంటుంది. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఎంత దూరం? బోర్డరు దాటితే జిల్లా ఆసుపత్రి. నీకంటే తనే దగ్గర. నెలకోసారి అమ్మని ఆ ఆసుపత్రికి తీసుకెళ్లి షుగరు చూపించి, మోకాళ్లకి ఫిజియోథెరపీ అడిగి, వచ్చే నెలకి మందులు ఇప్పించే పని తనకి అప్పగించు. వృద్ధులకి వేరే లైను పెట్టాలని అదే 2007 చట్టంలో ఉంది, లేకపోతే సూపరింటెండెంట్‌ని అడగమను. వయ వందన కార్డు అక్కడే చేస్తారేమో కనుక్కుని మొదటిసారే ఆ పని కూడా ముగించేయమను. నువ్వు 15వ తారీఖు కలిసొచ్చేలా సెలవు పెట్టుకుని పంచాయతీ పని చూడు.